లంక ఊరి బడికి వెళ్తున్న కొత్త టీచరమ్మకి

అమ్మా, ముందుగా అభినందనలు. మీరు రాసింది రెండుసార్లు చదివాను. రాజమండ్రిలో పుట్టి పెరిగారు, ఎస్‌జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా సెలెక్టయ్యారు, కోనసీమలో గోదావరి పాయల మధ్య ఒక లంక ఊరి బడి వచ్చింది. ఐదు తరగతులు, 31 మంది పిల్లలు, మీతో కలిపి ఇద్దరే టీచర్లు. ఒకే గదిలో రెండు మూడు తరగతులకి ఎలా చెప్పాలి, నా గొంతు చిన్నది, బెత్తం లేకుండా పిల్లలు మాట వింటారా, రిటైర్‌మెంటుకి దగ్గరపడ్డ హెచ్‌ఎం (హెడ్మాస్టర్) గారితో ఎలా మెలగాలి, మొదటిరోజు ఏం తీసుకెళ్ళాలి అని అడిగారు. నేను 2003లో ఇలాంటి బడిలోనే చేరాను, వశిష్ట గోదావరి ఒడ్డున. మీకున్న టెన్షనే నాకూ ఉండేది, కాకపోతే అప్పట్లో ఎవరినీ అడగలేదు.

కాగితాల గొడవ ముందే తేల్చేస్తాను. జాయినింగ్ రిపోర్టులో తేదీతో పాటు ఎఫ్‌ఎన్ (పూట పొద్దున) అనో ఏఎన్ (మధ్యాహ్నం) అనో రాస్తారు, పొద్దున్నే వెళ్ళి ఎఫ్‌ఎన్‌లోనే చేరండి. సర్వీస్ రిజిస్టర్ మొదటి పేజీలో పేరు, పుట్టినతేదీ టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే పడ్డాయో లేదో మీ కళ్ళతో చూసుకున్నాకే సంతకం పెట్టండి. నా ఇంటిపేరులో ఒక ఒత్తు ఎగిరిపోయింది. అది దిద్దించుకోవడానికి ఒక ఆఫీసు చుట్టూ రెండేళ్ళు తిరిగాను. 2022 స్కేళ్ళలో ఎస్‌జీటీ మూల వేతనం 32,670 రూపాయల దగ్గర మొదలవుతుంది గానీ, సీఎఫ్‌ఎంఎస్ ఐడీ (జీతాల బిల్లులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థలో మీ నంబరు), సీపీఎస్ పింఛను పథకానికి ప్రాన్ నంబరు వచ్చేదాకా మొదటి జీతం చేతికి రాదు. రెండు మూడు నెలల ఖర్చుకి డబ్బు దగ్గర పెట్టుకోండి. రాజమండ్రి నుంచి రోజూ వచ్చి వెళ్దామనే ఆలోచన మాత్రం మానెయ్యండి. తొమ్మిదింటికల్లా బడిలో నిలబడి ఫోన్‌లో ముఖ హాజరు వెయ్యాలి. రేవు దాటించే పంటు మీ కోసం ఆగదు. మండల కేంద్రంలో ఒక గది తీసుకుంటే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

ఇక అసలు సంగతి. మొదటి నెల రోజులు పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, ఏ పిల్లకి ఏం వచ్చో కనిపెట్టండి. మీరడిగిన మిగతావన్నీ దీన్ని పట్టుకునే వస్తాయి. ఇది నేను తెలివితో చెప్తున్న మాట కాదు, తల బొప్పి కట్టాక తెలిసింది.

చేరిన ఏడాది నాకు మూడో తరగతి ఇచ్చారు, పదకొండు మంది. జూన్ నుంచి పాఠాలు చెప్పుకుంటూ పోయాను. చదవమంటే చదివేవారు. ఒకడైతే నీళ్ళు తాగినట్టు చదివేసేవాడు, వాణ్ణి లేపి మిగతావాళ్ళకి చూపించేవాణ్ణి కూడా. నవంబర్లో ఒకరోజు వాడు నా పక్కన నిలబడి చదువుతుంటే వాడి వేలు చూశాను. వేలు రెండో లైను మీద ఉంది, నోరు నాలుగో లైనులో ఉంది. ఏదో అనుమానం వచ్చి, పేజీ పైనున్న బొమ్మ మీద నా అరచెయ్యి పెట్టి, "మళ్ళీ మొదటినుంచి చదవరా" అన్నాను. వాడు కాసేపు పుస్తకం వంక చూసి, తలెత్తి, "ఏ పాఠం అండీ?" అన్నాడు.

బొమ్మ కనపడితే గానీ వాడికి ఏ పాఠం అప్పజెప్పాలో తెలియదు. పుస్తకమంతా చెవితో పట్టేశాడు, కంటితో ఒక్క ముక్క చదవలేదు. ఆ సాయంత్రం పదకొండు మందినీ ఒక్కొక్కరినే కూచోబెట్టి చూస్తే నిజంగా చదువుతున్నవాళ్ళు నలుగురు. అప్పటికి ఐదు నెలలు గడిచిపోయాయి. వాడిది మొద్దుబుర్ర కాదు, అంత జ్ఞాపకశక్తి నాకు లేదు. తప్పంతా వినడం చేతగాని నాది.

అందుకే చెప్తున్నాను. ఒక తెల్లకాగితం తీసుకోండి. పైన పది అక్షరాలు, కింద పది చిన్న మాటలు, ఆ కింద నాలుగు వాక్యాల పేరా, అడుగున ఎనిమిది పది వాక్యాల కథ, పెద్ద అక్షరాలతో మీ చేత్తోనే రాయండి. వాచకంలో ఉన్నవి వద్దు, ఎందుకో చెప్పానుగా. ప్రథమ్ సంస్థవాళ్ళు 2005 నుంచి, పిల్లలకి చదువు ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో వాడుతున్న కాగితం దాదాపు ఇలాంటిదే. ఒక్కో పిల్లని మీ పక్కన, ఎదురుగా కాదు, పక్కన కూచోబెట్టుకుని చదివించండి. ఐదు నిమిషాలు చాలు. తప్పు చదివితే దిద్దొద్దు, "ఊ" అనండి. మిగతా ముప్ఫైమంది ఆ సమయంలో గోల చేస్తారు, చెయ్యనివ్వండి, లేదా బొమ్మలు గీసుకోమనండి. రోజుకి ఆరుగురు అనుకున్నా ఆరో రోజుకి అయిపోతుంది.

ఒక వంద పేజీల నోట్‌బుక్ కొని ఒక్కో పిల్లకి మూడు పేజీలు వదలండి. ఎవరు ఎక్కడ ఆగారో రాయండి. "రాదు" అని రాయొద్దు. "పు, ఘు తేడా తెలియడం లేదు", "ఒత్తు వస్తే వదిలేసి ముందుకెళ్తోంది", "మ దగ్గర య అంటోంది", "కూడబలుక్కుని చదువుతాడు, చివరికొచ్చేసరికి మొదటి మాట మర్చిపోతాడు" అని రాయండి. ఇలా రాసుకుంటే రేపు ఏం చెప్పాలో ఆ పేజీయే చెబుతుంది. లెక్కలకీ ఇంతే. అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల కూడిక, అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం. ఎక్కడ ఆగారో చూడటమే.

ఇది అయ్యాక మీ మొదటి ప్రశ్నకి జవాబు దానంతటదే వస్తుంది. మోడల్ ప్రైమరీ స్కూల్లో పడ్డవాళ్ళకి తరగతికో టీచరు ఉంటారు, వాళ్ళ సంగతి వేరు. మీలాంటి ఇద్దరు టీచర్ల బేసిక్ ప్రైమరీలో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని తరగతులుగా చూస్తే పిచ్చెక్కుతుంది. పొద్దున మొదటి గంటన్నర తరగతి మాట మరిచిపోండి. అక్షరాల దగ్గర ఉన్నవాళ్ళు ఒక గుంపు, మాటల దగ్గర ఉన్నవాళ్ళు ఒక గుంపు, పేరా దాటినవాళ్ళు ఇంకో గుంపు. ఒక గుంపు మీ దగ్గర చాప మీద, ఒకటి రాసుకుంటూ, ఒకటి కథల పుస్తకాలతో. అరగంటకోసారి మార్చండి. ఐదో తరగతి పిల్లాడు అక్షరాల గుంపులో కూచోవాల్సి వస్తే సిగ్గుపడతాడు. వాడికి ఏదో ఒక పెత్తనం ఇవ్వండి, చిన్నవాళ్ళ పలకలు దిద్దమనో, సుద్దముక్కలు పంచమనో. పెత్తనం ఉన్నచోట సిగ్గు తగ్గుతుంది, నేను చూశాను. తరగతి పాఠాలు ఆ తర్వాత చెప్పుకోవచ్చు. మూడో తరగతి అయ్యేసరికి ప్రతి పిల్లకీ చదవడం, లెక్క చెయ్యడం రావాలన్నది 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం కూడా. కాబట్టి సిలబస్ వదిలేశారని ఎవరైనా అంటే ఆ పేరు చెప్పండి, నోరు మెదపరు.

అక్షరాలు అ, ఆ నుంచే మొదలుపెట్టాలని లేదు. ఓనమాలు నోటికి రావడం మంచిదే, అవ్వలు నేర్పి పంపిస్తారు. చదవడానికి మాత్రం నేను ప, డ, వ, ల, త, క, గ, న ఈ ఎనిమిదితో మొదలుపెడతాను. గుణింతం అక్కర్లేదు, ఒత్తు అక్కర్లేదు, అయినా పడవ, వల, తల, పలక, గడప, నడక, తడక, కలప అన్నీ వచ్చేస్తాయి. లంకలో పుట్టిన పిల్లకి పడవ, వల అంటే బొమ్మ చూపించక్కర్లేదు. వారం తిరక్కుండా "నేను మాట చదివాను" అని ఇంటికెళ్ళి చెప్పుకుంటుంది. 56 అక్షరాలూ వచ్చేదాకా ఆగితే ఆ మాట అనడానికి ఏడాది పడుతుంది.

లెక్కలకి చార్టులు కొనొద్దు. కొబ్బరి ఈనెల చీపురు ఒకటి విప్పి, వేలెడు ముక్కలు చేసి, పదేసి కలిపి రబ్బరు బ్యాండు వెయ్యండి. 42లోంచి 17 తీసెయ్యమంటే నాలుగు కట్టలు, రెండు పుల్లలు ముందు పెట్టండి. ఏడు పుల్లలు ఇమ్మంటే పిల్ల రెండు పుల్లల వంక చూస్తుంది, మీ వంక చూస్తుంది. మీరేం మాట్లాడొద్దు. కాసేపటికి ఎవరో ఒకరు కట్ట విప్పుతారు. అప్పుడు పన్నెండు పుల్లలయ్యాయి, ఏడు పోతే ఐదు. మిగిలిన మూడు కట్టల్లో ఒకటి పోతే రెండు. ఇరవై ఐదు. అప్పు తెచ్చుకోవడం అని మనం బోర్డు మీద అంకె కొట్టేసి చెప్పేది ఆ కట్ట విప్పడమేనని వేళ్ళకి తెలిశాక ఇక మర్చిపోరు. చార్టుల మాట వచ్చింది గనక ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. ట్రైనింగులో మనం రంగురంగుల చార్టులు తెగ చేస్తాం. వాటిని పిల్లలకి అందనంత ఎత్తులో కడతాం. అవి వచ్చే అధికారుల కోసం. మీకు కట్టాలనిపిస్తే పిల్లల కంటికి సమంగా, వాళ్ళు వేలు పెట్టి చదివేంత కిందకి కట్టండి, చిరిగితే చిరిగాయి.

పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది. ఇంగ్లీషు మీడియం కదా అని కంగారుపడి నేరుగా ఇంగ్లీషు పేజీకి పోకండి. కథ ముందు తెలుగులో తలకెక్కాలి. పిల్లలు "ఎల్తన్నాం", "ఒత్తన్నాం", "ఆయ్" అంటారు, నవ్వకండి, సరిదిద్దకండి. మీరు రాసేటప్పుడు పుస్తకం మాట రాయండి, మాట్లాడేటప్పుడు వాళ్ళ మాట వినండి. రెండూ ఒకటేనని ఏడాదికల్లా వాళ్ళే కనిపెడతారు.

గొంతు చిన్నదన్నారు. అది మంచిదే. నా గొంతు పెద్దది, అందుకే నేను మాట్లాడితే పిల్లలు ఇంకా గట్టిగా మాట్లాడేవారు. నాతో పనిచేసిన ఒక టీచరమ్మ గది గోలగా ఉంటే గొంతు తగ్గించి, ముందు వరసలో పిల్లకి మాత్రమే వినపడేలా కథ మొదలుపెట్టేది. రెండు నిమిషాల్లో వెనకవాళ్ళు "ఏంటేంటి" అని ముందుకు జరిగేవారు. బెత్తం సంగతికొస్తే, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెంటినీ నిషేధించింది. గోడకుర్చీ, అందరిముందు వెక్కిరింత కూడా అందులోకే వస్తాయి. తల్లిదండ్రులు మాత్రం మొదటి వారంలోనే వచ్చి, "కళ్ళు రెండూ ఉంచి మిగతాది వలిచెయ్యండి మేడమండీ, మేమేం అనుకోం" అంటారు. నవ్వి ఊరుకోండి. నేను చేరిన కొత్తల్లో కొట్టేవాణ్ణి, దాచడమెందుకు. కొట్టినరోజు గది నిశ్శబ్దంగా ఉండేది, మర్నాడు ఇద్దరు బడికి వచ్చేవారు కాదు. ఆ లెక్క నాకే గిట్టుబాటు కాలేదు.

హెచ్‌ఎం గారి గురించి. ఆయనకి ఊళ్ళో ఏ ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసు, అది మీకు ఏ ట్రైనింగులోనూ దొరకదు. మొదటి నెల "నేను నేర్చుకున్నది ఇలా" అనకండి, "మీరెలా చేస్తారండీ" అని అడగండి. పిల్లల్ని ఒక్కొక్కరినే చదివించి చూస్తానంటే ఏ పెద్దాయనా కాదనడు. ఆ నోట్‌బుక్ ఆయనకి చూపించండి. ఒకటి మాత్రం మొహమాటం లేకుండా తేల్చుకోండి. ఆన్‌లైన్ ఎంట్రీలు ఎవరు ఎప్పుడు చెయ్యాలి? కొత్తగా వచ్చినవాళ్ళకి ఫోన్ బాగా వచ్చని అన్నీ మీ నెత్తినే పడతాయి. చెయ్యండి, తప్పదు. కానీ పిల్లలు ఎదురుగా ఉన్న గంటల్లో కాదు, మధ్యాహ్నం భోజనాలయ్యాకో సాయంత్రమో చేస్తానని మొదట్లోనే చెప్పెయ్యండి. ఇద్దరు టీచర్ల బడిలో ఒకరు మీటింగుకి పోయి, రెండోవారు ఫోన్ పట్టుకుంటే ఆ రోజు బడి లేనట్టే.

మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ ఈ కోనసీమ లంకల గన్నవరంలో అర్ధరాత్రి తలుపు తట్టినవాళ్ళకీ వండి పెట్టిన ఇల్లాలు. మీ పిల్లలకి ఆ కథ చెప్పండి, వాళ్ళ పక్క ఊరి మనిషి. వడ్డించే ముందు మీరు రుచి చూడాలి, అది నియమం. నేనింకో అడుగు ముందుకేసి వాళ్ళతోనే కూచుని తింటాను. వంటమ్మ బిల్లులు ఆలస్యమైతే ఆవిడ సొంత డబ్బు పెట్టి సరుకు తెస్తుంది, ఆవిడతో గౌరవంగా మాట్లాడండి. ఎవరైనా పిల్ల గుడ్డు తినకుండా జేబులో దాచుకుంటే కసరకండి, ఇంటి దగ్గర బడి వయసు రాని చెల్లెలో తమ్ముడో ఉంటారు.

ఊరి సంగతి కొంచెం తెలుసుకోవాలి. హాజరు పట్టీ చూస్తే పంటల క్యాలెండర్ చూసినట్టే ఉంటుంది. నాట్లప్పుడు, కోతలప్పుడు పెద్ద పిల్లలు చిన్నవాళ్ళని ఎత్తుకుని ఇంట్లో ఉండిపోతారు. సంక్రాంతికి ప్రభల తీర్థం (జాతర), మాఘమాసంలో అంతర్వేది తీర్థం అంటే సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే. ఇవి తెలిస్తే కొత్త పాఠం ఆ రోజుల్లో పెట్టుకోరు.

ఇంకోటి. పేరెంట్స్ మీటింగ్ పెడితే మీ ఎదురుగా సగంమంది అవ్వలే ఉండొచ్చు. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్ళి ఉంటుంది. అవ్వకి చదువు రాదు, "మీరే చూసుకోవాలండీ" అని దణ్ణం పెడుతుంది. హోంవర్క్ చేయించమని ఆవిడకి చెప్పి లాభం లేదు. నేను నాలుగో తరగతి పిల్ల ఒకత్తె విషయంలో ఇలా చేశాను. అవ్వ ఫోన్ తెమ్మని, ప్రతి గురువారం సాయంత్రం ఆ పిల్ల ఒక పేజీ చదువుతుంటే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ రికార్డు చేసి తల్లికి పంపించాం. శుక్రవారం అక్కడ సెలవు, ఆవిడ తీరిగ్గా వింటుంది. మూడో వారం తల్లి తిరిగి పంపింది, "అక్కడ 'ప్రయాణం' దగ్గర ఆగిపోయావేంటి, మళ్ళీ చదువు" అని. నేను ఆర్నెల్లు చెప్పినా లాభం లేకపోయింది, ఆ పిల్ల క్రావడి (ర ఒత్తు) ఆ రాత్రే నేర్చుకుంది. ఆ పద్ధతి మా బడిలో ఇప్పటికీ నడుస్తోంది.

వరద గురించి రాజమండ్రివాళ్ళకి కొత్తగా చెప్పేదేముంది, బ్యారేజీ మీకు ఇంటి పక్కనే. కానీ మీరు అక్కడ గట్టు మీద నిలబడి చూసేదాన్ని ఇక్కడ లోపలినుంచి చూస్తారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదానికే కొన్ని లంకల దారులు మునుగుతాయి. జూలై వచ్చిందంటే రిజిస్టర్లన్నీ ప్లాస్టిక్ సంచుల్లో కట్టి బీరువా పై అరలో పెట్టెయ్యండి, బియ్యం బస్తాలు బల్లల మీదకి ఎక్కించండి. 2022 జూలైలో మూడో హెచ్చరిక దాటినప్పుడు మాకు రెండు రోజుల టైము దొరికింది, అడ్మిషన్ రిజిస్టర్ దక్కింది. కింది అరలో ఉన్న కథల పుస్తకాలు మాత్రం ఒండ్రులో ముద్దయిపోయాయి. నీళ్ళు తీశాక బడి కడిగించి తెరిచిన మొదటి వారం పాఠాలు పెట్టకండి. గోడ మీద నీటిచార ఉంటుంది. స్కేలు ఇచ్చి నేల నుంచి అక్కడికి ఎంతుందో కొలవమనండి, తమ ఎత్తు పక్కన గీయమనండి, ఇంటికెళ్ళి 1986 వరద ఎక్కడిదాకా వచ్చిందో అవ్వనో తాతనో అడిగి రమ్మనండి. మా పిల్లలు కొలతలు నేర్చుకున్నది ఆ గోడ దగ్గరే. మాటలు కూడా అప్పుడే బాగా వస్తాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల పడవలో మేకని ఎలా ఎక్కించారో పావుగంట చెప్పింది. చెప్పింది చెప్పినట్టు బోర్డు మీద రాశాను, మర్నాటికి అదే మా పాఠం.

మొదటిరోజు ఏం తీసుకెళ్ళాలన్నారు. ఆర్డర్ కాపీలు, సర్టిఫికెట్లు ఒరిజినల్స్ జిప్ కవర్లో. ఆ వంద పేజీల నోట్‌బుక్. గొడుగు. రేవులో దిగేటప్పుడు నీళ్ళు తక్కువుంటే పంటు ఒడ్డుకి ఆనదు, చెప్పులు చేత్తో పట్టుకుని మోకాలి లోతులో నడవాల్సి వస్తుంది. ఇస్త్రీ పట్టుచీర ఆలోచన ఉంటే మానుకుని, తొందరగా ఆరే నూలుచీరో చుడీదారో వేసుకోండి, ఇంకో జత బడి బీరువాలో ఎప్పుడూ ఉంచండి. పంటువాడి ఫోన్ నంబరు ఆ రోజే తీసుకోండి, సాయంత్రం చివరి ట్రిప్పు ఎన్నింటికో అతన్నే అడగండి. ఊళ్ళోవాళ్ళు తలా ఒక టైము చెబుతారు.